ఈ మామిడాకు మీద ఒకరున్నారు, కనిపెట్టండి

పెరటి_టార్చి (నంద్యాల) | జూన్ 24, ఉదయం 7:10
అందరికీ నమస్కారం. ఫొటోలో ఉన్నది మా పెరట్లో మామిడి చెట్టు ఆకు. ఒకే ఒక్క ఆకు. కొంచెం క్రాప్ చేశానంతే, వేరే మార్పులేవీ లేవు. దీని మీద ఒకరు పడుకుని ఉన్నారు, నా చిటికెన వేలంత పొడవుంటారు. ఎక్కడున్నారో చెప్పండి. ముందే తెలిసినవాళ్ళు ఒక గంట ఓపిక పట్టండి, లేకపోతే మజా పోతుంది.

మల్లెపందిరి (హనుమకొండ) | 7:52
పెద్దది చేసి చూశాను. కళ్ళజోడు పెట్టుకుని కూడా చూశాను. ఆకే ఉంది సార్.

తుమ్మచెట్టు (ప్రొద్దుటూరు) | 8:05
అన్నా, ఇది జోక్ కాదు కదా? ఇంతకుముందు ఒకాయన ఖాళీ పొద ఫొటో పెట్టి పాముని వెతకమన్నాడు. రెండు రోజులు వెతికాం.

విజయనగరం_కోడలు | 8:31
నాకొకటి తేడాగా అనిపిస్తోంది. మామిడాకు నడి ఈనె కాడ దగ్గర లావుగా మొదలై కొసకి వచ్చేసరికి సన్నబడాలి కదా. ఇక్కడ సగం దూరం వెళ్ళాక మళ్ళీ లావెక్కింది. రోజూ తోరణాలు గుచ్చే చేతులు మావి, ఆకు లెక్క తప్పదు.

పెరటి_టార్చి | 9:15
అక్కా, మీకో దండం. దొరికిపోయాడు!

ఇది కామన్ బారన్ అనే సీతాకోకచిలుక గొంగళి పురుగు. మామిడాకులు తిని బతుకుతుంది. వీపు మీద పొడవునా లేత పసుపు గీత ఉంటుంది. పురుగు ఆకు నడి ఈనె మీద సరిగ్గా ఆ గీత పడేలా పడుకుంటుంది. ఒంటికి రెండు పక్కలా ఈకల్లాంటి పొడవాటి ముళ్ళు ఉంటాయి, ఒక్కో ముల్లు మళ్ళీ సన్నగా చీలి ఉంటుంది. అవి ఆకు మీద పరుచుకుని పక్క ఈనెల్లో కలిసిపోతాయి.

నన్ను ఆశ్చర్యపరిచింది పచ్చ రంగు కాదు. పచ్చగా ఉండే పురుగులు బోలెడు. దీనికి నీడ లేదు, అదీ విషయం. గుండ్రటి వస్తువేదైనా ఆకు మీద పెడితే పక్కన సన్నటి నల్లగీతలా నీడ పడుతుంది. పిట్ట కన్ను పట్టేది ఆ గీతనే. ఈ ముళ్ళ అంచు ఆ నీడని కప్పేస్తుంది. ఒళ్ళు ఎక్కడ అయిపోయిందో, ఆకు ఎక్కడ మొదలైందో తెలియదు. మూడేళ్ళుగా ఆ చెట్టు కిందే మంచం వేసుకుని పడుకుంటున్నా. నిన్న సాయంత్రం టార్చి లైటు ఏటవాలుగా పడితే తప్ప నాకూ కనిపించలేదు.

మల్లెపందిరి | 9:40
ఇప్పుడు కనిపిస్తోంది. ఇక చూడకుండా ఉండలేకపోతున్నాను. ఒళ్ళు జలదరించింది, నిజం చెప్తున్నా.

విజయనగరం_కోడలు | 10:02
పురుగుల మాట వచ్చింది కాబట్టి నా భాగోతం కూడా చెప్పేస్తాను. పోయిన వారం కుండీలో కరివేపాకు మొక్క మీద పిట్ట రెట్ట పడిందని మగ్గుతో నీళ్ళు పోసి కడగబోయాను. రెట్ట నడిచింది. మగ్గు వదిలేసి ఒకే అరుపు. మా అత్తగారు పూజలోంచి లేచి వచ్చారు.

ల్యాబ్_బెంచి (హైదరాబాద్) | 11:20
కోడలు గారూ, అది కరివేపాకు, నిమ్మ మీద పెరిగే సీతాకోకచిలుక పిల్ల. చిన్నప్పుడు నలుపు, గోధుమ రంగు ఒంటి మీద తెల్ల మచ్చలతో, తడి మెరుపుతో అచ్చం రెట్టలా ఉంటుంది. రెట్టని ఏ పిట్ట తింటుంది? కానీ ఆ వేషం కొంత సైజు దాకానే చెల్లుతుంది. రెండంగుళాల రెట్ట ఉంటే పిట్టకైనా అనుమానం రాదా? అందుకే చివరిసారి కుబుసం విడిచాక పచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది.

పుల్లతో మెల్లగా తాకి చూడండి. తల వెనక నుంచి ఎర్రటి జంట కొమ్ము ఒకటి బయటికి తోసి, ఘాటు వాసన వదులుతుంది. చీమలకీ చిన్న శత్రువులకీ ఆ వాసన పడదు.

విజయనగరం_కోడలు | 11:34
తాకాను. వాసన వచ్చింది. చెయ్యి రెండుసార్లు కడుక్కున్నాను. మొత్తం ఐదున్నాయి, రెండు పచ్చవి, మూడు రెట్టలు. ఇక కరివేపాకు బజార్లో కొనుక్కోవాల్సిందే.

కొత్త_లెన్సు (గుంటూరు) | మధ్యాహ్నం 1:15
సూపర్ ఫొటో అన్నా. కెమెరా ఏది? లక్ష రూపాయల లెన్సా?

పెరటి_టార్చి | 2:30
లక్ష కాదు తమ్ముడూ. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత డీఎస్ఎల్ఆర్, దాంతో వచ్చిన 18-55 లెన్సు. ఆ లెన్సుని తిరగేసి బిగించడానికి ఒక రింగు దొరుకుతుంది, కొన్ని వందలే. తిరగేస్తే అదే మాక్రో లెన్సు, చిన్నవాటిని పెద్దగా చూపిస్తుంది. ఆటో ఫోకస్ పోతుంది, లెన్సులో వెలుగు వచ్చే ద్వారం కెమెరా మాట వినదు, కాబట్టి పాత రకం లెన్సులైతే ఇంకా సుఖం. నువ్వు ముందుకీ వెనక్కీ ఊగుతూ ఫోకస్ పట్టాలి. స్పష్టంగా వచ్చే మందం మిల్లీమీటరు కూడా ఉండదు. కన్ను పదునుగా వస్తే కాలు మసక, కాలు వస్తే కన్ను మసక. నేను ఊపిరి బిగబట్టి పదిహేను తీస్తాను, ఒకటి నిలుస్తుంది.

లెన్సు కన్నా వెలుగు ముఖ్యం. ఫ్లాష్ నేరుగా కొడితే పురుగు ఒంటి మీద తెల్లటి మచ్చలు పడి మెరుపంతా చచ్చిపోతుంది. ఫ్లాష్ వెలుగుని మెత్తబరిచే నా డిఫ్యూజర్ పెరుగు డబ్బా. కడిగి, అడుగు కోసి, లోపల బటర్ పేపర్ అంటించాను. మా ఆవిడ ఇప్పటికీ ఆ డబ్బా కోసం వెతుకుతోంది, ఎవరూ చెప్పకండి.

కొత్త_లెన్సు | 2:48
థ్యాంక్స్ అన్నా. ఇంకో డౌట్. పురుగులు కదులుతుంటాయి కదా, పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే కదలవని ఒక వీడియోలో చూశా. ట్రై చెయ్యొచ్చా?

తుమ్మచెట్టు | 2:55
నిన్ను పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే ఫొటోకి నవ్వుతావా?

పాత_కాపు (నిర్వాహకుడు) | 3:10
తుమ్మచెట్టూ, కొంచెం నెమ్మది. కుర్రాడు అడిగాడు, చెయ్యలేదు.

బాబూ, ఇక్కడ ఆ పద్ధతి ఒప్పుకోం. చలికి బిగుసుకున్న పురుగు కాళ్ళు ముడుచుకునే తీరు వేరు, పాత చేతులు చూడగానే పట్టేస్తాయి. నేనొకసారి ఒక ఫొటో పోటీకి గొల్లభామ పంపాను. బహుమతి వచ్చిన ఫొటోలో నత్త మీద గొల్లభామ సవారీ చేస్తోంది, రెండు ముంగాళ్ళు పైకెత్తి, సర్కస్‌లోలా. అంటించారో, దారం కట్టారో నాకు తెలియదు. అడిగితే జవాబు రాలేదు. అప్పటి నుంచి పోటీలకి పంపడం మానేశాను. కదలని పురుగు కావాలంటే తెల్లవారుజామున ఐదున్నరకి లే. మంచు పట్టి అవే కదలకుండా కూర్చుంటాయి.

మల్లెపందిరి | 3:32
కాపు గారూ, మా వైపు గొల్లభామ అంటే పచ్చ మిడత. మీరు చెప్తున్నది ముంగాళ్ళు జోడించి నమస్కారం పెట్టేదా?

పాత_కాపు (నిర్వాహకుడు) | 3:40
అదే. మా ఊళ్ళో గొల్లభామ అంటే అదే. ఈ గొడవ ఈ వేదికలో నాలుగోసారి, ఇంతటితో ఆపేద్దాం.

మల్లెపందిరి | జూన్ 25, ఉదయం 8:20
నిన్నటి నుంచి నాకూ పూనకం వచ్చింది. మా నందివర్ధనం పువ్వు మీద తేనెటీగ కదలకుండా ఉంది. పువ్వులో నిద్రపోయిందనుకున్నా. ఫోన్‌కి క్లిప్ లెన్సు పెట్టి చూస్తే తేనెటీగ మెడ పట్టుకుని తెల్లటి సాలీడు! పీతలా ముందు కాళ్ళు రెండు జతలు చాచి ఉంది. పువ్వెంత తెలుపో అదీ అంతే తెలుపు. కళ్ళ దగ్గర మాత్రం లేత గోధుమ రంగు. ఫొటో కాస్త మసకగా ఉంది, మన్నించాలి.

ల్యాబ్_బెంచి | 9:05
పీత సాలీడు. గూడు కట్టదు, పువ్వులో కాపు కాస్తుంది. వీటిలో కొన్ని జాతులు కొన్ని రోజుల్లో తెలుపు నుంచి పసుపుకి, పసుపు నుంచి తెలుపుకి మారగలవు.

కానీ మల్లెపందిరి గారూ, అది దాక్కుంది ఎవరి కంటికి? మన కంటికి. తేనెటీగకి మనకి కనిపించని అతినీలలోహిత కాంతి కూడా కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో ఒక పీత సాలీడు మీద చేసిన పరిశోధన 2003లో వచ్చింది. ఆ సాలీడు ఒళ్ళు ఆ కాంతిని గట్టిగా వెనక్కి కొడుతుంది, పూరేకు అంతగా కొట్టదు. అంటే తేనెటీగ కంటికి ఆ పువ్వు మధ్యలో దీపం పెట్టినట్టే. బెదిరిపోవాల్సింది పోయి తేనెటీగలు సాలీడు ఉన్న పువ్వుకే ఎక్కువగా వచ్చాయి. అన్ని జాతులూ ఇలా చేయవు. మీ దాని సంగతి తెలియాలంటే ఆ కాంతిని పట్టే ప్రత్యేక కెమెరా కావాలి.

తుమ్మచెట్టు | 9:22
అంటే మనకి దాగుడుమూతలు, దానికి దండోరా. బాగుంది.

పెరటి_టార్చి | 9:50
ల్యాబ్ మేడం, ఇది నాకు కొత్త. నీడ, అంచు అని నేను చెప్పేదంతా మనిషి కన్ను, పిట్ట కన్ను లెక్కే. పురుగు కన్ను లెక్క వేరన్నమాట.

కొత్త_లెన్సు | సాయంత్రం 6:30
అన్నా, రింగు ఇంకా రాలేదు, ఫోన్‌తో తీశా. మామిడి చెట్టు మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలు ఉంటాయి కదా, అందులో ఒకటి నన్ను చూసి ఆగింది. మిగతావి పరిగెత్తుతుంటే ఇదొక్కటే ఆగి తల తిప్పి చూసింది. చీమ తల తిప్పి చూస్తుందా? వేలు దగ్గరికి పెట్టగానే కిందకి దూకి దారానికి వేలాడింది.

పెరటి_టార్చి | 6:41
తమ్ముడూ!! కాళ్ళు లెక్కపెట్టు.

కొత్త_లెన్సు | 6:58
ఆరు... ఆగండి. ముందువి రెండు మీసాల్లా పైకెత్తి ఊపుతోంది. అవీ కాళ్ళే. ఎనిమిది. సాలీడా?!

ల్యాబ్_బెంచి | 7:30
అవును, చీమ వేషం వేసే గెంతే సాలీడు. మొదటి జత కాళ్ళని మీసాల్లా గాల్లో ఆడిస్తుంది. చీమ ఒళ్ళు మూడు ముక్కల్లా కనిపిస్తుంది కదా, దీని ఒంటి మీదా అలాంటి నొక్కులే ఉంటాయి. ఆ ఎర్ర చీమలు కరుస్తాయి, పుల్లటి ఆమ్లం చిమ్ముతాయి, పిట్టలు వాటి జోలికి పోవు. ఆ పేరు మీద ఇదీ బతికేస్తుంది. మగవాటికి కోరలు ఎంత పొడవంటే, చీమ ఇంకో చీమని నోట కరుచుకుని వెళ్తున్నట్టు ఉంటుంది.

అదే చెట్టు మీద ఇంకో వేషగాడు ఉండొచ్చు, వెతుకు. అది పీత సాలీడు జాతి, అదీ అదే ఎర్రటి రంగు. దాని వెనక భాగం మీద రెండు నల్ల చుక్కలు, చీమ కళ్ళలా. అంటే తోక వైపు తలలా కనిపిస్తుంది. ఇది పేరు చెప్పుకుని బతికే రకం కాదు, ఆ చీమల్నే పట్టి తింటుంది.

న్యూజెర్సీ_బాబాయ్ | జూన్ 26, ఉదయం 5:45
మీరంతా పురుగుల్ని వెతుక్కుంటున్నారు, ఇక్కడ మేం తొక్కే పనిలో ఉన్నాం. స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై అని ఆసియా నుంచి వచ్చిపడింది. 2014లో పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలో మొదట దొరికింది, ద్రాక్ష తోటలకి పెద్ద తలనొప్పి. కనిపిస్తే తొక్కెయ్యమని ప్రభుత్వమే చెప్తుంది. ఇప్పుడు పిల్లల దశ, నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలు. పెద్దవి బూడిద రంగు రెక్కలు మూసుకుని బెరడు మీద ఉంటే కనిపించవు, ఎగిరితే కింద రెక్క ఎర్రగా భగ్గుమంటుంది. ఎంత అందమైన పురుగో! తొక్కే ముందు ఒక ఫొటో తీస్తాను. మా మనవరాలికి అది నచ్చదు, తొక్కడమూ నచ్చదు.

తుమ్మచెట్టు | ఉదయం 10:10
ఇక నా వంతు. మా చిన్నప్పుడు తుమ్మ చెట్ల మీద జీరంగులు దొరికేవి. పచ్చగా, నీలంగా నిగనిగలాడే గట్టి రెక్కల పురుగు. అగ్గిపెట్టెలో తుమ్మాకులేసి పెంచేవాళ్ళం, బడికి పట్టుకెళ్ళేవాళ్ళం. నా జీరంగి చచ్చిపోతే ఏడ్చి, రెక్క ఒకటి దాచుకున్నా. ఆ రెక్క ఇప్పటికీ ఉంది, అమ్మ పసుపు డబ్బాలో. ముప్పై ఏళ్ళు దాటింది, పిసరంత రంగు తగ్గలేదు. నిన్న పెరటి అన్న చెప్పినట్టు టార్చి పక్క నుంచి వేసి చూశా. తిప్పితే పచ్చ నీలంలోకి జారుతోంది. ఫొటో పెడుతున్నా.

మరి మొన్న తూటికాడ ఆకు మీద బంగారు పురుగొకటి దొరికింది. తాబేలు డిప్పలా ఉంది, అంచులు గాజులా అద్దం, మధ్యలో అచ్చం మేలిమి బంగారం. మా పాపకి చూపిద్దామని డబ్బాలో వేసి మర్చిపోయా. మర్నాడు చచ్చి ఉంది. బంగారం లేదు! మట్టి రంగు. మోసపోయినట్టనిపించింది. అది అలాగెందుకు పోయింది, ఇది ఇలాగెందుకు నిలిచింది?

ల్యాబ్_బెంచి | 12:15
ఈ వారం ఇక్కడ వచ్చిన మంచి ప్రశ్న ఇదే. రెండింటిలోనూ మెరుపు రంగుపొడి వల్ల వచ్చింది కాదు. పైపెంకులో ఒకదాని మీద ఒకటి అతి పలచటి పొరలుంటాయి. వెలుగు ఒక్కో పొర మీద కొంత కొంత వెనక్కి తిరుగుతుంది. అవన్నీ కలిసేటప్పుడు కొన్ని రంగులు ఒకదాన్నొకటి బలపరుచుకుంటాయి, కొన్ని చంపుకుంటాయి. సబ్బు బుడగ మీద రంగులు కూడా ఈ కుటుంబమే. జీరంగి పొరలు గట్టిపడిపోయిన పెంకు. పురుగు పోయినా పెంకు అలాగే ఉంటుంది కాబట్టి రంగూ ఉంటుంది.

తాబేలు పురుగు బంగారానికి పొరల్లో తడి కావాలి. బతికున్నంత కాలం ఒంట్లో ద్రవం ఆ పొరల్ని నింపి ఉంచుతుంది. చచ్చి ఎండితే పొరల మధ్య దూరాలు మారిపోతాయి, బంగారం పోయి కింద ఉన్న అసలు రంగు బయటపడుతుంది. ఈ రకం పురుగుల్లో కొన్ని బతికుండగానే, బెదిరితే కాసేపు రంగు మార్చుకుంటాయి కూడా.

తుమ్మచెట్టు | 12:40
మా పాపకి చదివి వినిపించా. "నాన్నా, నువ్వు మర్చిపోకుండా ఉంటే బంగారం ఉండేది" అంది. సరే.

గుత్తి_స్టేషన్ | రాత్రి 9:25
రంగుల మాట వచ్చింది కాబట్టి మా ఊరి పేరు మోస్తున్న సాలీడు గురించి ఎవరూ అనకపోవడం అన్యాయం. గుత్తి టరాంటులా. శాస్త్రం పేరు పోసిలోథీరియా మెటాలికా. 1899లో పోకాక్ అనే ఆయన దీన్ని మొదటిసారి వర్ణించి పేరు పెట్టాడు. ఆ నమూనా మా గుత్తిలో రైల్వే కలప యార్డులో దొరికింది. కట్టెల బండి ఎక్కి ఎక్కడి నుంచో వచ్చి ఉంటుందంటారు. ఊరు మాది, సాలీడు మాది కాదు! తర్వాత వందేళ్ళు ఎవరికీ కనపడలేదు. 2001లో మళ్ళీ దొరికింది, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. ప్రపంచంలో అది ఉండేది చాలా కొద్ది చోట్లే. నెమలి మెడ నీలం, దాని మీద తెల్లటి, పసుపు చారలు. అంతరించిపోయే ముప్పు అతి తీవ్రంగా ఉన్న జాబితాలో ఉంది.

కొత్త_లెన్సు | 9:40
వామ్మో. పెరటి అన్నది నంద్యాలే కదా! అన్నా, చూశారా? ఎక్కడ దొరుకుతుంది? లొకేషన్ పెట్టండి ప్లీజ్.

పాత_కాపు (నిర్వాహకుడు) | 9:44
లొకేషన్ ఎవరూ పెట్టరు. వ్యక్తిగత సందేశాల్లో కూడా వద్దు. ఈ సాలీడుని పెంచుకోవడానికి డబ్బు పెట్టే వాళ్ళు విదేశాల్లో బాగా ఉన్నారు. పైగా వాటి ఇళ్ళు పాత చెట్ల తొర్రలు, ఆ చెట్లు కట్టెలకి పోతున్నాయి. 2019లో పోసిలోథీరియా వంశం మొత్తాన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ పట్టికలో చేర్చారు. మన వంతుగా నోరు కట్టుకుందాం.

పెరటి_టార్చి | 10:20
తమ్ముడూ, కాపు గారు చెప్పిందే. చూశాను, ఒక్కసారే, అటవీ శాఖ అనుమతి ఉన్నవాళ్ళతో కలిసి వెళ్ళినప్పుడు. తొర్రలోంచి రెండు కాళ్ళ కొనలు మాత్రం బయట ఉన్నాయి. టార్చి పక్క నుంచి పడేసరికి నీలం. కొంచెం వంచితే నలుపు. మళ్ళీ నీలం. ఒంటి మీది సన్నటి వెంట్రుకల్లో నిర్మాణమే ఆ నీలాన్ని పుట్టిస్తుంది, తుమ్మచెట్టు జీరంగిలాగే. ఫొటో తీయలేదు. చెయ్యి వణికింది, తర్వాత అది లోపలికి వెళ్ళిపోయింది.

మల్లెపందిరి | 10:31
రాత్రిపూట తిరిగే దానికి, పగలు తొర్రలో ఉండేదానికి అంత అందమైన నీలం ఎందుకు? ఎవరు చూడాలని?

ల్యాబ్_బెంచి | 10:50
దాని మీద ఇంకా వాదన నడుస్తోంది. జత కోసమని కొందరు, కాదని కొందరు.

విజయనగరం_కోడలు | జూన్ 29, ఉదయం 7:15
ఆరుద్ర పురుగులు వచ్చాయండీ! రాత్రి వానకి తోటలో పది పైనే. ముఖమల్ గుడ్డ ముక్కలు నడుస్తున్నట్టు. ఇది మాత్రం దాక్కోవడం లేదు, ఎర్రగా బహిరంగంగా తిరుగుతోంది. ఎనిమిది కాళ్ళు లెక్కపెట్టాను, ఇప్పుడు అలవాటైపోయింది.

ల్యాబ్_బెంచి | 7:50
సాలీడుకి దగ్గరి చుట్టం మరి. ఎరుపు "నన్ను తింటే చేదు" అని చెప్పడానికే.

పెరటి_టార్చి | రాత్రి 8:30
రెండో పొడుపు కథ. వేప చెట్టు మొదలు. ఒకరున్నారు. ఈసారి క్లూ ఇవ్వను.

కొత్త_లెన్సు | 9:02
అన్నా, నీడ వెతికా. లేదు. అంచు వెతికా. లేదు. కానీ బెరడు పగుళ్ళన్నీ నిలువుగా ఉంటే ఒకచోట రెండు సన్నటి తోకలు ఏటవాలుగా ఉన్నాయి. అదేనా?

పెరటి_టార్చి | 9:10
శభాష్! రెండు తోకల సాలీడు. బల్లపరుపుగా బెరడుకి అతుక్కుంటుంది. తోకలు కావవి, దారం వదిలే గొట్టాలు. చీమ దొరికితే దాని చుట్టూ గిరగిరా తిరుగుతూ దారంతో చెట్టుకే కట్టేస్తుంది. నీ రింగు వచ్చిందా?

కొత్త_లెన్సు | 9:12
వచ్చింది! పెరుగు డబ్బా కూడా రెడీ.

విజయనగరం_కోడలు | జూలై 9, సాయంత్రం 5:40
కరివేపాకు సీరియల్ ఆఖరి భాగం. ఐదింటిలో రెండు నాకు కనిపించేలా గూడు దశకి వెళ్ళాయి. ఒకటి మొక్క పచ్చ కాడకి, ఒకటి కుండీ వెనక సున్నం ఊడిన గోడకి. కాడకి ఉన్నది పచ్చగా, గోడకి ఉన్నది మట్టి రంగులో. ఒకే తల్లి పిల్లలు, పక్కపక్కనే, చోటుని బట్టి రంగు. వినడం వేరు, కళ్ళారా చూడడం వేరు.

పచ్చది నిన్న పొద్దున విచ్చుకుంది. నల్ల రెక్కల మీద లేత పసుపు మచ్చలు, రెక్కలు ఆరేదాకా మా అత్తగారు పూలు కూడా కోయలేదు. గోడ మీది దాని కోసం ఈ రోజు పొద్దున్నుంచి స్టూలేసుకుని కూర్చున్నా. మధ్యాహ్నం చిన్న చిల్లు పడింది. వచ్చింది సీతాకోకచిలుక కాదు. నువ్వు గింజంత కందిరీగలు. ఒకటి, రెండు, పది... ఇరవై దాటాక లెక్క ఆపేశా. కడుపు మండిపోయింది.

పెరటి_టార్చి | 5:52
అయ్యో అక్కా. సీతాకోకచిలుక గూడు దశలో ఉండగానే ఆ కందిరీగలు లోపల గుడ్లు పెడతాయి. గోడ రంగు పిట్టని మోసం చేసింది కానీ వాటిని చెయ్యలేదు. ఫొటో తీశారా?

విజయనగరం_కోడలు | 6:05
కోపంలో కూడా తీశాను. ఒక్కటే ఫోకస్‌లో పడింది. పెట్టనా వద్దా అని ఇంతసేపు ఆలోచించా. పెట్టేస్తున్నా. పెద్దది చేసి వీపు చూడండి, తుమ్మచెట్టు గారి జీరంగి పచ్చే.